ఎలక్ట్రిక్ కారు కొనేముందు ఇంటి ఎర్తింగ్ చూపించుకోండి

నర్సంపేటలో ఉంటూ రోజూ వరంగల్‌కు ఉద్యోగానికి వచ్చే ఒకాయన అడిగిన ప్రశ్న ఇది: "ఎలక్ట్రిక్ కారు కొందామంటే ఇంట్లో అందరూ భయపెడుతున్నారు. దారిలో చార్జింగ్ అయిపోతుందట, వానలో షాక్ కొడుతుందట, బ్యాటరీ పోతే లక్షలట. ఇప్పటికే నడుపుతున్నవాళ్లకు ఈ భయాలు ఎలా పోయాయి? ఇంకో రెండేళ్లు ఆగమంటారా?"

ఆగొద్దంటాను. కానీ షోరూముకు పోయేముందు ఒక మంచి ఎలక్ట్రీషియన్‌ను ఇంటికి పిలిచి ఎర్తింగ్, అంటే లీకైన కరెంటును భూమిలోకి పంపే ఏర్పాటు, చూపించుకోండి. మిగతా భయాలు నడుపుతూ ఉంటే పోతాయి. ఎర్తింగ్ మాత్రం ఎవరో ఒకరు ఎర్త్ గుంత దగ్గర కూర్చుని పని చేస్తే తప్ప బాగుపడదు.

నేను టీచర్‌ని. ఇల్లు హనుమకొండలో, బడి ములుగు అవతల. పోను రాను వంద కిలోమీటర్ల పైనే. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ కదా, కారెందుకని చాలామంది అడుగుతారు. మా బడి మెయిన్ రోడ్డు మీద లేదు. బస్సు దిగాక లోపలికి ఆరేడు కిలోమీటర్లు పోవాలి. ప్రార్థన టైముకు ఆటో దొరికితే అదృష్టం, దొరక్కపోతే నడక. అటువైపు పనిచేసే నలుగురు టీచర్లం ఇప్పుడు ఈ కారులోనే కలిసి పోతున్నాం. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా ఎత్తేశాక తీసుకున్నాం. టియాగో ఈవీ, 24 యూనిట్ల బ్యాటరీది. కంపెనీ మూడు వందల కిలోమీటర్లని చెప్పినా మా రోడ్ల మీద, ఏసీ వేసుకుని, నలుగురు ఎక్కితే రెండు వందలు వస్తుంది. ఈ రెండు వందలనే అసలు లెక్కగా పెట్టుకోండి, అప్పుడు ఎక్కడా మోసపోరు.

దారిలో ఆగిపోతుందన్న భయం గురించి ముందు చెప్తాను. రోజువారీ ప్రయాణంలో ఆ భయానికి చోటే లేదు. రాత్రి ఫోన్ పెట్టినట్టే కారూ పెడతాం, తెల్లారేసరికి నిండుగా ఉంటుంది. కొత్తలో మా తోటి మేడంలు ఏసీ బంద్ చేయమని ఒకటే గోల. ఏసీ తినేది చాలా తక్కువ. గంటంబావు ప్రయాణంలో ఒక యూనిట్‌కు అటూ ఇటూ అంతే. చార్జింగ్‌ను నిజంగా తినేది స్పీడు. గూడెప్పాడ్ దాటాక రోడ్డు ఖాళీగా ఉంది కదా అని వంద మీద తోలితే పర్సెంట్ కళ్ల ముందే పడిపోతుంది. డెబ్బై మీద పోతే హాయిగా ఉంటుంది. గట్టమ్మ గుట్ట దిగేటప్పుడు కాలు తీసేస్తే బండి తనే కాస్త చార్జింగ్ వెనక్కి తీసుకుంటుంది కూడా. ఇవన్నీ ఒక నెలలో ఎవరికైనా అలవాటవుతాయి.

ఖర్చు సంగతి: నా వంద కిలోమీటర్లకు పదమూడు యూనిట్ల దాకా పడుతుంది. ఇంటి మీటరు పెద్ద స్లాబులోకి పోయి యూనిట్ తొమ్మిదిన్నర పడ్డా నూట పాతిక రూపాయలు. అదే పెట్రోలు కారైతే ఏడు లీటర్లు, ఏడు వందల పైమాట. జీతం మీద బతికేవాళ్లకు ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

ఇక ఎర్తింగ్ దగ్గరికి వస్తాను. మే నెలలో పస్రా దగ్గర మా వదిన వాళ్ల ఊళ్లో పెళ్లి. కొత్త కారు కదా, ముందు మేడారం పోయి గద్దెల దగ్గర మొక్కి, బెల్లం సమర్పించి రమ్మంది మా అత్తమ్మ. జాతర లేనప్పుడు అక్కడ దర్శనం చాలా నిమ్మళంగా అవుతుంది. తాడ్వాయి అడవి దారిలో మెల్లగా పోయి, మెల్లగా వచ్చాం. పెళ్లివాళ్ల పనులకు అటూ ఇటూ తిరిగేసరికి సాయంత్రానికి ముప్పై పర్సెంట్ మిగిలింది. హనుమకొండ డెబ్బై కిలోమీటర్ల పైనే. మరుసటి రోజు పొద్దున్నే అత్తమ్మను డాక్టరుకు చూపించాలి, అపాయింట్‌మెంట్ ఉంది. రాత్రికి వదిన వాళ్లింట్లో చార్జింగ్ పెట్టుకోవచ్చని ముందే అనుకున్నాం కాబట్టి టెన్షన్ లేదు. కారుతో ఇచ్చిన చార్జర్ మామూలు పదిహేను ఆంప్స్ సాకెట్‌కు సరిపోతుంది. గీజరు, ఏసీ పెట్టే పెద్ద సాకెట్ అదే.

ప్లగ్ పెట్టగానే చార్జర్ మీద ఎర్ర లైటు. తీసి మళ్లీ పెట్టాను, మళ్లీ ఎర్ర లైటే. పెళ్లిల్లు కదా, క్షణంలో ఇరవై మంది పోగయ్యారు. బండి ఖరాబైందని ఒకరు, బ్యాటరీ కాలిందని ఒకరు. మా మామయ్య అయితే, "నేను ముందుగాల్నే చెప్పిన, డీజిల్ బండి తీసుకోండ్రని" అని కుర్చీలో కూర్చున్నాడు. అత్తమ్మ ముఖం చూస్తే ఏడుపొక్కటే తక్కువ.

పందిరికి లైట్ల తోరణాలు కట్టే అబ్బాయి అక్కడే నిచ్చెన మీద ఉన్నాడు. దిగొచ్చి చార్జర్ చూశాడు, సాకెట్ చూశాడు. తన సంచీలోంచి హోల్డర్‌కు రెండు వైర్లు కట్టి ఉన్న బల్బు తీశాడు. ఫేజుకూ న్యూట్రల్‌కూ, అంటే కరెంటు వచ్చే తీగకూ తిరిగిపోయే తీగకూ, పెడితే బల్బు భగ్గున వెలిగింది. ఫేజుకూ ఎర్త్‌కూ పెడితే మిణుకుమిణుకుమంది. "బండికి ఏం గాలేదక్కా, మీ ఇంట్ల ఎర్తే సచ్చిపోయింది" అన్నాడు. ఇట్లాంటి పరీక్ష మీరెవరూ సొంతంగా చేయకండి, పని తెలిసినవాళ్లే చేయాలి.

ఎర్త్ గుంత ఎక్కడుందని అడిగితే ఇంట్లో ఎవరికీ తెలియదు. మా అన్నయ్య, అంటే వదిన భర్త, ఇల్లు కట్టినప్పటి మేస్త్రీకి ఫోన్ చేస్తే స్నానాల గది వెనక అని చెప్పాడు. అక్కడ కట్టెలు పేర్చి ఉన్నాయి. కట్టెలు జరిపి, మన్ను తీస్తే పైపు మొన కనిపించింది. కట్టినప్పుడు ఉప్పు, బొగ్గు పోసి పాతారు, ఆ తర్వాత ఎవరూ చుక్క నీళ్లు పోయలేదు. పైపుకు చుట్టిన వైరు తుప్పు పట్టి చేత్తో ముట్టుకుంటే ఊడొచ్చింది. ఆ అబ్బాయి మెయిన్ బంద్ చేయించి, పైపును బ్లేడుతో మెరిసేదాకా గీకి, కొత్త వైరు కట్టి, నట్టు బిగించి, "ఇప్పుడు బకెట్లతోని నీళ్లు పోయుండ్రి" అన్నాడు. పెళ్లికొచ్చిన పిల్లలంతా వరస కట్టి బోరు దగ్గర్నుంచి నీళ్లు మోశారు. ఎండకు నెర్రెలు బాసిన నేల, ఎన్ని బకెట్లు పోసినా గుటుక్కున తాగేసింది. అరగంట ఆగి మళ్లీ బల్బు పెడితే ఈసారి బాగా వెలిగింది. చార్జర్ పెట్టాం. ఆకుపచ్చ లైటు. పిల్లలు ఒకటే కేకలు.

అంతలో వదిన నన్ను పక్కకు పిలిచి మెల్లగా అడిగింది, "ఈ కారు పెడితే మా జీరో బిల్లు పోదు గదా?" ఆమె అడిగింది న్యాయమైన మాట. గృహజ్యోతి పథకం కింద నెలకు రెండు వందల యూనిట్ల లోపు ఉంటేనే జీరో బిల్లు, దాటితే మొత్తానికి కట్టాలి. ఎండాకాలం, కూలర్లు, పైగా పెళ్లి. అన్నయ్య టార్చి పట్టుకుని మీటరు దగ్గరకు పోయి, పోయిన నెల బిల్లు తీసి లెక్క చూశాడు. పెళ్లి లైట్లకు జనరేటర్ ఉంది కాబట్టి ఇంటి మీటరు మీద భారం పడలేదు. మా కారుకు రాత్రంతా పెడితే పదిహేను, పదహారు యూనిట్లు. లోపలే ఉంటుందని తేలాక వదిన మనసు కుదుటపడింది. చుట్టాలింట్లో కారు చార్జింగ్ పెట్టేవాళ్లు ఈ సంగతి ముందే ఆలోచించాలి. జీరో బిల్లు ఉన్న ఇంటికి మన కారు వల్ల నష్టం రాకూడదు. కరెంటుకు డబ్బులిస్తానంటే తీసుకోరు, బాధపడతారు కూడా. నేను పాప చేతిలో పెట్టి వచ్చాను.

తెల్లవారుజామున లేచి చూస్తే దాదాపు నిండింది. అత్తమ్మను టైముకు డాక్టరు దగ్గరకు తీసుకుపోయాం. షాక్ కొడుతుందన్న భయం మా ఇంట్లో ఆ రాత్రితోనే పోయింది. ఎందుకంటే ఆ ఎర్ర లైటు అర్థం అందరికీ కళ్లారా తెలిసింది. కారు నాలుగు రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంటుంది. లోపల ఎక్కడైనా కరెంటు లీకైతే అది భూమిలోకి పోవడానికి ఎర్త్ వైరు తప్ప వేరే దారి లేదు. ఆ దారి లేకపోతే బాడీని ముట్టుకున్న మనిషి గుండా పోతుంది. అందుకే చార్జర్ ముందు ఎర్త్ ఉందా అని చూసుకుని, లేకపోతే కరెంటే తీసుకోదు. మన ఇళ్లల్లో ఫ్రిజ్‌లు, గీజర్లు, బోరు మోటర్లు ఎర్త్ లేకుండా ఏళ్ల తరబడి నడుస్తున్నాయి. తడి చేతులతో మోటర్ స్టార్టర్ ముట్టుకుని ప్రాణాలు పోగొట్టుకున్న రైతుల వార్తలు వానాకాలం వస్తే పేపర్లో చూస్తూనే ఉంటాం. మా వదిన ఇంటి ఎర్త్ పాడైందని ఆ ఇంట్లో ఏ వస్తువూ చెప్పలేదు, కారు చెప్పింది.

ఇంకో మాట కోపంగానే చెప్తున్నాను. ఎర్త్ లేని చోట చార్జింగ్ ఎక్కాలని న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ కలిపేసిన దొంగ ప్లగ్గులు కొందరు చేసి ఇస్తున్నారు. ఎంత అర్జెంటైనా ముట్టుకోకండి. న్యూట్రల్ ఎక్కడైనా తెగితే కారు బాడీ మొత్తానికి కరెంటు వస్తుంది. పిల్లలు ఆడుకునే వాకిట్లో నిలబెట్టే బండి అది.

వాన గురించి. 2023 జూలైలో మా ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది, మోరంచపల్లి ఊరికి ఊరే మునిగింది. అవి కళ్లతో చూసినవాళ్లం కాబట్టి వానంటే మాకు ఉత్త భయం కాదు. బ్యాటరీ పెట్టెకు ఐపీ67 రేటింగ్ ఉంది, అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి నీరు పోకూడదు. వానలో నడపడానికి, చార్జింగ్ పెట్టడానికి ఇది చాలు. వాగు పొంగుతుంటే దాటడానికి మాత్రం ఈ రేటింగ్ లైసెన్సు కాదు. పొంగే వాగులో డీజిల్ బండీ కొట్టుకుపోతుంది, కరెంటు బండీ కొట్టుకుపోతుంది.

బ్యాటరీకి ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది, వారంటీ ఉంది. నాలా తిరిగేవాళ్లకు కిలోమీటర్లే ముందు అయిపోతాయి. అప్పటికి పెట్రోలు మీద మిగిలింది చూసుకుంటే బ్యాటరీ గురించి నిద్ర పాడుచేసుకోవాల్సిన పని లేదు. స్టాఫ్‌రూములో మా సోషల్ సార్ ఎప్పుడూ ఒకటే వాదన, చెల్పూరులో బొగ్గు కాల్చిన కరెంటే కదా మీ కారు తాగేది అని. నిజమే, కానీ పెట్రోలు ఇంజన్ తాగిన దాంట్లో సగానికి మించి వేడిగానే పోతుంది, మోటరు దాదాపు అంతా చక్రానికి ఇస్తుంది. పైగా మా బడి గేటు ముందు పిల్లల ముఖాల మీద పొగ వదలదు. నాకు ఆ ఒక్కటి చాలు.

నాకు నిజంగా విసుగు తెప్పించేవి వేరే ఉన్నాయి. హైదరాబాద్ రోడ్డు మీద చార్జర్లు ఉన్నాయి, కానీ ఒక్కో కంపెనీకి ఒక్కో యాప్, ఒక్కో వాలెట్. డబ్బులు వేస్తే వాడుకోకపోయినా అందులోనే ఉండిపోతాయి. యాప్‌లో ఖాళీ అని చూపిస్తుంది, పోయి చూస్తే మెషీన్ మీద గుడ్డ కప్పి ఉంటుంది. లేదంటే చార్జర్ ముందు డీజిల్ బండి పెట్టి ఆయన టిఫిన్‌కు పోయి ఉంటాడు. ఫోన్ చేస్తే మనల్నే కసురుతాడు. పెట్రోలు పంపు ముందు ఎవరైనా కారు పార్క్ చేసి పోతే ఊరుకుంటారా? హైదరాబాద్ పోయేటప్పుడు నేను నిండుగా పెట్టుకుని బయలుదేరతాను. నూట నలభై, నూట యాభై కిలోమీటర్లే కాబట్టి అక్కడికి చేరాకే చార్జింగ్ చూసుకుంటాను. దారిలో భువనగిరి దగ్గరో జనగామ దగ్గరో ఆగితే అది టీ కోసమే.

అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ల కష్టం ఇంకా ఎక్కువ. నాతో వచ్చే ఒక మేడం కూడా కొందామనుకుంది. సొంత మీటరు నుంచి సొంత ఖర్చుతో పార్కింగ్‌కు వైరు లాక్కుంటానంటే అసోసియేషన్ వాళ్లు నిప్పు అంటుకుంటుందని ఒప్పుకోలేదు. అదే సెల్లార్‌లో పెట్రోలు నిండిన బండ్లు వరసగా ఉన్నాయి. సరైన వైరు, సరైన ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనే కరెంటు ఆపే స్విచ్చి), మంచి ఎర్త్ ఉంటే అభ్యంతరం దేనికో నాకు అర్థం కాదు. ఆమె ఇంకా వాళ్లను అడుగుతూనే ఉంది, మేమూ ఆమె పక్షాన మాట్లాడుతున్నాం.

మీది నర్సంపేటలో సొంత ఇల్లే అనుకుంటున్నాను. రోజుకు ఎనభై కిలోమీటర్లు మీ ప్రయాణం, ఏ ఎలక్ట్రిక్ కారుకైనా అది తేలిక. రోడ్ ట్యాక్స్ మాఫీ 2026 డిసెంబరు 31 దాకానే అని ఆర్డర్‌లో ఉంది, కాబట్టి రెండేళ్లు ఆగితే మీకే నష్టం. కారు బుక్ చేసి, అది వచ్చేలోపు వాకిట్లో కారు నిలిచే చోట విడిగా పదిహేను ఆంప్స్ సాకెట్, దానికి మందపాటి రాగి వైరు, విడి ఎంసీబీ పెట్టించుకోండి. ఎర్త్ గుంత కొత్తది తవ్వించండి, ఉన్నదాన్ని నమ్ముకోవద్దు. గుంత పైన సిమెంటుతో మూసేయనివ్వకండి, నీళ్లు పోయడానికి చిన్న మూత పెట్టించండి. ఎండాకాలం వారానికోసారి రెండు బకెట్లు పోస్తే చాలు.