రూమ్మేట్ బ్యాగులో గంజాయి దొరికింది, నేను కన్నడ కాగితం మీద సంతకం పెట్టాను, ఇప్పుడు నా సంగతేంటి?

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర. బెంగళూరు మారతహళ్ళిలో పీజీలో ఉంటాను. పోయిన శనివారం రాత్రి పదకొండు దాటాక పోలీసులు వచ్చి ముగ్గురి జేబులూ బ్యాగులూ వెతికారు. నా దగ్గర ఏమీ లేదు, రూమ్మేట్ బ్యాగులో గంజాయి పొట్లం దొరికింది. వాడిని తీసుకెళ్ళారు. నాతో రెండు కన్నడ కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని, పిలిస్తే రమ్మన్నారు. ఫోన్ లాక్ తీయమంటే తీయలేదు. వారెంట్ లేకుండా రాత్రిపూట వెతకొచ్చా సార్? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: వెతకొచ్చు, కానీ ఇష్టమొచ్చినట్టు కాదు. మత్తుమందుల కేసులకు వాడే ఎన్‌డీపీఎస్ చట్టం 42వ సెక్షన్ ప్రకారం కానిస్టేబుల్ కంటే పై ర్యాంకులో ఉండి, ప్రభుత్వం అధికారం ఇచ్చిన ఆఫీసరు వారెంట్ లేకుండానే గదిలోకి రావచ్చు. పొద్దుగూకాక వస్తే మాత్రం, వారెంట్ తెచ్చేలోగా సరుకు దాచేస్తారనో మనిషి పారిపోతాడనో ఎందుకు అనుకున్నాడో రాసి, ఆ కాపీని 72 గంటల్లో పై అధికారికి పంపాలి. అసలు రాయనే లేదని తేలితే కోర్టులో కేసు నిలబడటం కష్టం.

జేబులు వెతకడానికి 50వ సెక్షన్ ఉంది. మేజిస్ట్రేట్ ముందో గెజిటెడ్ ఆఫీసరు ముందో వెతకమని అడిగే హక్కు నీకుందని ముందే చెప్పి తీరాలి, అదీ ఒక్కొక్కరికీ విడివిడిగా. అందరినీ నిలబెట్టి గంపగుత్తగా చెప్తే చాలదనీ, దాడికి వచ్చిన బృందంలోని ఆఫీసరు ముందే వెతికించుకుంటావా అని మూడో దారి చూపించడం తప్పనీ 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆడవాళ్ళనైతే ఆడవాళ్ళే వెతకాలి.

రీల్స్‌లో లా చెప్పేవాళ్ళు మింగేసే ముక్క ఒకటుంది. ఈ హక్కు ఒంటికే, బ్యాగుకు వర్తించదు. 2023లో సుప్రీంకోర్టు దీన్ని మళ్ళీ ఖాయం చేసింది కాబట్టి, మీ రూమ్మేట్ కేసులో 50వ సెక్షన్ పట్టుకు వేలాడితే పెద్దగా ఒరిగేదేమీ లేదు. పొట్లం కిలో లోపు ఉంటే చిన్న మొత్తం కిందకే వస్తుంది, ఏడాది వరకు జైలు లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ. బెయిలు దొరకడం గగనమయ్యేది 20 కిలోల పైన.

నాకు బెంగంతా ఆ రెండు కాగితాల గురించే. ఒకటి మహజరు, అంటే మన పంచనామా, అయి ఉండొచ్చు. రెండోది, చాలా కేసుల్లో చూసేదే, "నా హక్కు నాకు చెప్పారు, గెజిటెడ్ ఆఫీసరు అక్కర్లేదు, మీరే వెతకండి" అనే రాత. కింద మీ సంతకం ఉన్నాక నాకు కన్నడ రాదు అంటే ఎవరు నమ్ముతారు? ఇకమీదట ఎక్కడ సంతకం పెట్టాల్సి వచ్చినా దానిపైన మీ చేత్తో తెలుగులో "కన్నడ చదవడం రాదు, నాకు చదివి వినిపించలేదు" అని రాసి, తేదీ, టైము వేయండి (నిజమైతేనే సుమా). కసురుకుంటారు, కసురుకోనివ్వండి. అంతేగానీ సోదాకి అడ్డుపడకండి, అదొక కొత్త కేసవుతుంది.

ఈ రెండు మూడు రోజుల్లో ఒక పని చేయండి. పీజీ వరండాలో కెమెరా ఉంటే ఆ రాత్రి ఫుటేజీ చెరపకుండా ఉంచమని ఓనర్‌కి వాట్సాప్‌లోనైనా రాసి పంపండి, ఎందుకంటే అలాంటివి కొన్నాళ్ళకే తుడిచిపెట్టుకుపోతాయి. 2024 జులై నుంచి సీఆర్‌పీసీ స్థానంలో అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్ చట్టం 105వ సెక్షన్ కింద సోదాని పోలీసులే వీడియో తీయాలి. అది ఉందా, అందులో ఎంతమంది వచ్చారు, సాక్షులు నిజంగా అక్కడున్నారా అన్నది ఫుటేజీతో పోల్చి చూడొచ్చు.

ఇక మీ సంగతి. ఒకే గదిలో ఉన్నంత మాత్రాన గంజాయి మీదైపోదు. అది అక్కడుందని మీకు తెలుసనీ, మీ అధీనంలోనే ఉందనీ తేలాలి. అయితే అధీనంలో ఉందని ఒకసారి తేలితే, నాకు తెలియదని నిరూపించుకునే బరువు మీ నెత్తినే పడుతుంది. అందుకని స్టేషన్‌లో "వాడు తాగుతాడని తెలుసు గానీ..." అంటూ కబుర్లలోకి దిగకండి. ఎన్‌డీపీఎస్ ఆఫీసర్ల ముందు చేసిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదని 2020లో సుప్రీంకోర్టు తేల్చినా, ఆ మాటల్ని బట్టి కూపీ లాగడాన్ని ఎవరూ ఆపలేరు. ఫోన్ లాక్ తీయకపోవడం మంచిపనే. కోర్టు ఆర్డరు లేకుండా పాస్‌వర్డ్ చెప్పమని పోలీసులు తమంతట తాము బలవంతం చేయకూడదని 2021లో కర్ణాటక హైకోర్టు చెప్పింది, అదీ బెంగళూరు డ్రగ్స్ కేసులోనే. భయపడి చాట్‌లు మాత్రం డిలీట్ చేయకండి.

పిలిస్తే నోటీసు రాతపూర్వకంగా అడగండి, సాక్షిగానా నిందితుడిగానా అన్నది అందులో చూడండి, వకీలుతో కలిసి వెళ్ళండి. అరెస్టు చేస్తే కారణాలు మీకు అర్థమయ్యే భాషలో రాసివ్వాలి, ఇంట్లోవాళ్ళకు చెప్పాలి, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. వకీలుకు డబ్బు లేకపోతే న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి. మీ రూమ్మేట్ వాళ్ళ నాన్నగారికి కూడా ఈ నంబరు ఇవ్వండి.