‘రెయిన్ ఇన్ బ్లడ్’ మీద మీ ప్రశ్నలు

గత సంచికలో థ్రాష్ మెటల్ (రాక్ సంగీతంలో అతి వేగంగా, గట్టిగా వాయించే ఒక రకం) గురించి రాశాక గోదావరి జిల్లాల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో మూడింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: థ్రాష్ మెటల్ మొదలుపెట్టాలంటే స్లేయర్ బ్యాండ్ వాళ్ల ‘రెయిన్ ఇన్ బ్లడ్’ ఆల్బమ్ వినమని ఫ్రెండ్స్ అందరూ అంటున్నారు. రావులపాలెంలో బస్సెక్కి పెట్టుకుంటే అమలాపురం రాకముందే ఆల్బమ్ అయిపోయింది. అరగంట కూడా లేని దాంట్లో అంత గొప్ప ఏముందండీ?
(ఇంజినీరింగ్ విద్యార్థి, అమలాపురం)

జవాబు: ఆ తక్కువలోనే ఉందండీ గొప్పంతా. పది పాటలు, 29 నిమిషాలు. అప్పట్లో క్యాసెట్‌లో ఒక వైపే మొత్తం పట్టేసింది, దాంతో రెండో వైపు కూడా అదే ఆల్బమ్ ఎక్కించి అమ్మారు, తిప్పి పెడితే మళ్లీ మొదటి పాటే.

స్లేయర్ 1981లో కాలిఫోర్నియాలో పుట్టింది. 1983లో వచ్చిన మొదటి ఆల్బమ్‌కి పెట్టుబడి ఏంటంటే గాయకుడు టామ్ అరాయా దాచుకున్న జీతం, గిటారిస్ట్ కెర్రీ కింగ్ వాళ్ల నాన్న ఇచ్చిన అప్పు. అరాయా అప్పటికి రెస్పిరేటరీ థెరపిస్టుగా ఉద్యోగం చేస్తున్నాడు. 1985లో రెండో ఆల్బమ్ ‘హెల్ అవెయిట్స్’ వచ్చేసరికి పాటలు ఆరేసి నిమిషాలు సాగుతున్నాయి, ధ్వని నిండా రివర్బ్, అంటే పెద్ద హాల్లో మోగినట్టుండే ప్రతిధ్వని. సరిగ్గా అప్పుడే రికార్డుల నిర్మాత రిక్ రూబిన్ వచ్చాడు. ఆయనది డెఫ్ జామ్, అంటే ఎల్ఎల్ కూల్ జే, బీస్టీ బాయ్స్ లాంటి రాప్ వాళ్ల కంపెనీ, అంతకుముందు మెటల్ చేసిందే లేదు. రాప్ రికార్డుల్లో డ్రమ్ము దెబ్బ మన చెవి పక్కనే పడ్డట్టు ఉంటుంది కదా, రూబిన్, ఆయన ఇంజినీర్ ఆండీ వాలెస్ కలిసి స్లేయర్‌కి కూడా అదే ధ్వని పట్టుకొచ్చారు, రివర్బ్ దాదాపు ఎత్తేశారు. మన ఫంక్షన్ హాళ్లలో ఆర్కెస్ట్రా డ్రమ్మర్ స్పీడు పెంచితే ఏమవుతుందో మీరు చూసే ఉంటారు, గోడలకి కొట్టుకుని తిరిగొచ్చిన మోత మీద కొత్త దెబ్బ పడి అంతా ఒకటే గోల. నిమిషానికి 200 బీట్లు దాటే సంగీతానికి ఆ గోల తీసేస్తే ప్రతి దెబ్బా విడివిడిగా వినిపిస్తుంది. నా దృష్టిలో ఈ ఆల్బమ్ చేసిన అసలు పని అదే. అంతకుముందు కూడా వేగంగా వాయించినవాళ్లు ఉన్నారు, ఆ వేగం ఇంత స్పష్టంగా మాత్రం ఎవరిదీ వినిపించలేదు.

ఈసారి బస్సులో కాకుండా రాత్రి ఇంట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి పాట ‘ఏంజెల్ ఆఫ్ డెత్’ ఒక్కటే వినండి. పాట మధ్యలో వేగం తగ్గి ఒక బరువైన రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్క) వస్తుంది, పబ్లిక్ ఎనిమీ అనే రాప్ బృందం 1988లో దాన్నే తీసుకుని తమ పాటలో వాడుకుంది. తర్వాత చివర్లో గిటార్లు, గొంతు అన్నీ ఆగిపోయి రెండు మూడు సెకన్లు డ్రమ్మర్ డేవ్ లొంబార్డో కాళ్ల కింద డబుల్ కిక్ (రెండు కాళ్లతో వాయించే పెద్ద డ్రమ్ము) మాత్రమే మోగుతుంది. ఆ చోటు నేను ఎన్నిసార్లు విన్నా ఒళ్లు జలదరిస్తుంది. రేడియో అండ పెద్దగా లేకుండానే ఈ ఆల్బమ్ అమెరికా బిల్‌బోర్డ్ ఆల్బమ్‌ల పట్టికలో 94వ స్థానానికి చేరింది, స్లేయర్‌కి ఆ పట్టికలో చోటు దొరకడం అదే మొదలు. 1992కి అమెరికాలో 5 లక్షల కాపీల గోల్డ్ గుర్తింపు కూడా వచ్చింది.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు, పొద్దస్తమానం ఈ ఆల్బమే. అట్ట మీద మేక తల దెయ్యం, మొదటి పాటేమో ఎవరో నాజీ డాక్టరు గురించట. నాకు భయంగా ఉంది. మాన్పించమంటారా?
(గృహిణి, పాలకొల్లు)

జవాబు: అమ్మా, మీ భయంలో న్యాయం ఉంది. డెఫ్ జామ్ రికార్డులు పంపిణీ చేసే కొలంబియా కంపెనీ కూడా ఆ పాట, ఆ అట్ట చూసి మేం చేయం పొమ్మంది. చివరికి గెఫెన్ అనే ఇంకో కంపెనీ ద్వారా 1986 అక్టోబరులో బయటికొచ్చింది. ఆ ‘ఏంజెల్ ఆఫ్ డెత్’ పాట జోసెఫ్ మెంగెలె గురించి. నాజీల ఆష్‌విట్జ్ శిబిరంలో ఖైదీల మీద, ముఖ్యంగా కవల పిల్లల మీద, ఘోరమైన ప్రయోగాలు చేసినవాడు. గిటారిస్ట్ జెఫ్ హానెమన్ వాడి మీద పుస్తకాలు చదివి ఈ పాట రాశాడు. ఆ శిబిరాల నుంచి ప్రాణాలతో బయటపడ్డవాళ్లు ఈ పాట విని బాధపడ్డారు, కోపగించుకున్నారు. మేం నాజీలను సమర్థించడం లేదని బృందం మొదటి నుంచీ చెబుతూనే ఉంది. అరాయా చిలీలో పుట్టాడు, లొంబార్డో క్యూబాలో, రూబిన్‌ది యూదు కుటుంబం.

నా మాట అడిగితే, పాట ఆ ఘోరాలను ఒక్కొక్కటిగా చెప్పుకుంటూ పోతుంది కానీ ఇది తప్పు అని ఎక్కడా అనదు. వాడు దుర్మార్గుడని వేరే చెప్పాలా అన్నది హానెమన్ వాదన. చరిత్ర తెలిసినవాళ్లకి అది సరిపోతుంది, పదిహేడేళ్ల కుర్రాడికి సరిపోదనే నా అభిప్రాయం. అలాగని మాన్పించొద్దు, మాన్పిస్తే మీకు తెలియకుండా వింటాడు, అంతే. మెంగెలె ఎవరో నాకు చెప్పరా అని మీరే అడగండి. ఆ మెంగెలె దక్షిణ అమెరికాకి పారిపోయాడని, ఒక్క రోజైనా కోర్టు బోనెక్కకుండా 1979లో బ్రెజిల్‌లో చచ్చాడని మీ అబ్బాయి చదివి మీకు చెప్పాలి. ఆ చదివిన రోజు వాడికి ఆ పాట వేరేగా వినిపిస్తుంది.

ప్రశ్న: తీర్థాల్లో, పెళ్లిళ్లలో డ్రమ్స్ వాయిస్తాను. లొంబార్డోని చూసి డబుల్ పెడల్ కొన్నాను. ఎంత తొక్కినా ఆ స్పీడు రావడం లేదు, ఒకటే టెన్షన్.
(భీమవరం)

జవాబు: తమ్ముడూ, స్పీడు సంగతి పక్కన పెట్టు. ఈ ఆల్బమ్‌లో ఎక్కువ భాగం లొంబార్డో ఒక్క కాలితోనే నడిపాడు, చేతులే పరిగెడతాయి, డబుల్ కిక్ అవసరమైన చోటే దింపాడు. మెట్రోనోమ్ (లయ కొట్టే పరికరం) నిమిషానికి 100 బీట్ల దగ్గర పెట్టుకుని రెండు కాళ్ల దెబ్బలూ ఒకే బరువుతో పడేదాకా అక్కడే ఉండు. ఎడమ కాలు తేలిపోతుంటే ఫోన్‌లో రికార్డు చేసుకుని వింటే వెంటనే దొరికిపోతుంది. మడమ నొప్పి పుడితే ఆ రోజుకి ఆపెయ్యి. ఇంకో సంగతి, ఇంత వేగం సాధించాక స్లేయర్ వాళ్లే 1988లో ‘సౌత్ ఆఫ్ హెవెన్’ ఆల్బమ్‌కి కావాలనే నెమ్మదించారు. ఆ టైటిల్ పాట ముందు నేర్చుకో, తర్వాత ‘రెయిన్ ఇన్ బ్లడ్’లోని ‘రెయినింగ్ బ్లడ్’ పాట. ‘ఏంజెల్ ఆఫ్ డెత్’ జోలికి అన్నిటికన్నా చివర్న వెళ్లు.