టెక్ సందేహాలు: మ్యాపులో ఓడ మాయమైతే

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఓడల గురించే. అందుకే కొత్త ఫోన్ల ధరలు అడిగినవారికి జవాబు వచ్చే వారం.

ప్రశ్న: మా అబ్బాయి విహార నౌక వంటగదిలో పనిచేస్తాడు. ఈ వేసవిలో ఆ ఓడ గ్రీసులోని శాంటోరిని దీవికి తరచూ వెళ్తోంది. వాడు నా ఫోనులో ఓడలు ఎక్కడున్నాయో మ్యాపులో చూపే మెరైన్‌ట్రాఫిక్ యాప్ పెట్టి వెళ్లాడు. అందులో ఓడ గుర్తు ఒక్కోసారి గంటల తరబడి కదలదు. దీవి దగ్గరికి వచ్చాక కూడా ఒడ్డుకు చేరకుండా నీళ్లలోనే తచ్చాడుతున్నట్లు చూపిస్తోంది. ఏమైనా ప్రమాదమా?
– ఒక తల్లి, సోంపేట

ప్రమాదమేమీ లేదమ్మా. పిల్లలు ఓడల పనికి వెళ్లిన ఉద్దానం ఇళ్లలో చాలాచోట్ల ఉన్న దిగులే ఇది.

ప్రతి ప్రయాణికుల ఓడలోనూ ఏఐఎస్ అనే రేడియో పరికరం ఉంటుంది. ఓడ పేరు, వేగం, దిశ, ఉన్న చోటు అది దానంతటదే చాటుతూ ఉంటుంది. నడిచేటప్పుడు కొన్ని సెకన్లకోసారి, లంగరు వేసినప్పుడు 3 నిమిషాలకోసారి. ఆ మాటను ఒడ్డున ఉన్న యాంటెన్నాలు విని యాప్‌కు అందిస్తాయి. ఓడ ఒడ్డుకు దూరమైతే వినేవారు ఉండరు. అప్పుడు యాప్ చివరిసారి విన్న చోటునే చూపిస్తుంది, లేదా గుర్తును తీసేస్తుంది. నడిసముద్రంలో ఉపగ్రహాలు వింటాయి కానీ ఆ సమాచారానికి డబ్బు కట్టాలి. కట్టకండి. గుర్తు కింద ‘ఇంత సేపటి క్రితం అందింది’ అనే వరుస ఉంటుంది. ముందు అది చదవడం అలవాటు చేసుకోండి, సగం భయం పోతుంది.

ఇక శాంటోరిని సంగతి. పూర్వం అగ్నిపర్వతం బద్దలై కుంగిన గుంటలోకి సముద్రం చొరబడింది. అక్కడ నీరు చాలాచోట్ల 300 మీటర్లకు పైగా లోతు, లంగరుకు అడుగు అందదు. అందుకని పెద్ద ఓడలు నీటిలో తేలే బోయాకు కట్టుకుంటాయి, లేదా పక్క ఇంజిన్లతో ఉన్నచోటే నిలదొక్కుకుంటాయి. మీకు తచ్చాడినట్లు కనిపించేది అదే. వేగం అర నాట్ (గంటకు సుమారు ఒక కిలోమీటరు) కూడా ఉండదు, దిశ మాత్రం మారుతూ ఉంటుంది. ప్రయాణికులను చిన్న పడవల్లో ఫిరా ఊరి కింద ఉన్న పాత రేవుకు చేరవేస్తారు. అక్కడి నుంచి పైకి 588 మెట్లు, లేదా తీగ మీద నడిచే కేబుల్ కారు.

ఓడను కళ్లారా చూడాలంటే ఇంకో దారి ఉంది. ఆ గుంట వైపు తిరిగిన ప్రత్యక్ష కెమెరాలు ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. వేసవిలో మన గడియారం అక్కడికన్నా రెండున్నర గంటలు ముందు, చలికాలంలో మూడున్నర. అంటే మీరు భోజనం ముగించి కూర్చునే మధ్యాహ్నం రెండున్నరకు అక్కడ వేసవిలో పన్నెండు. యాప్‌లో ప్రయాణికుల ఓడకు ఉండే నీలం గుర్తు, కెమెరాలో తెల్ల ఓడ, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. స్క్రీన్‌షాట్ తీసి అబ్బాయికి పంపండి.

వెతికేటప్పుడు ఓడ పేరుతో కాకుండా 7 అంకెల ఐఎంఓ సంఖ్యతో (ఓడకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) వెతకండి. యజమానులు మారితే పేర్లు మారిపోతాయి. 2022లో విశాఖ నుంచి నడిచిన విహార నౌక ఎంప్రెస్ కూడా 1990లో నార్డిక్ ఎంప్రెస్‌గా పుట్టిందే. సంఖ్య మాత్రం ఓడ తుక్కు అయ్యేదాకా మారదు.

ప్రశ్న: కళింగపట్నం తీరం నుంచి ఓడలను ఫోనుతో తీస్తే నల్లటి మరకలా వస్తున్నాయి. లక్ష రూపాయల ఫోను కొంటే బాగా వస్తాయా?
– డిగ్రీ విద్యార్థి, గార

లక్ష ఉంచుకోండి. ముందు లెక్క చూద్దాం. 200 మీటర్ల పొడవున్న ఓడ 20 కిలోమీటర్ల దూరంలో ఉంటే మన కంటికి దాదాపు పున్నమి చంద్రుడంత వెడల్పుగా కనిపిస్తుంది. ఫోనులో చంద్రుణ్ణి తీసి నిరాశపడని వారెవరు? పైగా నీటి అంచున నిలబడితే సముద్రం అంచు 5 కిలోమీటర్లలోనే ముగుస్తుంది. దానికి అవతల ఉన్న ఓడ అడుగుభాగం భూమి వంపు వెనక దాగిపోతుంది. 16 మీటర్ల ఎత్తుకు ఎక్కితే ఆ అంచు 15 కిలోమీటర్లకు జరుగుతుంది. కాబట్టి మీకు కావలసింది ఖరీదైన ఫోను కాదు, ఎత్తైన మేడ.

రెండోది వెలుతురు. మన సముద్రం తూర్పున ఉంది. పొద్దున్నే వెళ్తే సూర్యుడు ఓడ వెనక ఉంటాడు, నల్లటి మరక రాక ఏమవుతుంది? సూర్యోదయం ఫొటోలకు అది బాగుంటుంది, ఓడ వివరాలకు కాదు. మధ్యాహ్నం మూడు దాటాక వెళ్లండి. సూర్యుడు మీ వీపు మీద, వెలుగు ఓడ ఒంటి మీద. వాన వెలిసిన మర్నాడైతే గాలి మరీ తేటగా ఉంటుంది. ఎండకు నీటి మీద గాలి అలలాడే వేళ ఏ లెన్సూ గెలవదు.

ఫోనులో వేళ్లతో లాగే జూమ్ చాలావరకు ఉన్న బొమ్మను కత్తిరించి పెద్దది చేయడమే. మీ ఫోనులో విడిగా జూమ్ లెన్సు ఉంటే 3 రెట్ల దగ్గరో 5 రెట్ల దగ్గరో ఆగండి. ఓడ మీద వేలు నొక్కి పట్టుకుని ఫోకస్ బిగించండి, వెలుతురు కొంచెం తగ్గించండి, ట్రైపాడ్ మీద పెట్టి టైమర్‌తో తీయండి. తప్పక డబ్బు పెట్టాలనుకుంటే 10 రెట్ల బైనాక్యులర్ కొని దాని కంటి అద్దానికి ఫోను ఆనించి చూడండి. ఇంటికి వచ్చాక లెన్సును కండువాతో తుడవకండి, ఉప్పురవ్వ గీతలు పెడుతుంది. తడి చేసిన మెత్తటి గుడ్డతో అద్దండి.

ఒకటి ముందే చెప్పాలి. మన తీరం ముందు కనిపించేవి ఎక్కువగా సరుకు ఓడలే. యాప్‌లో ఆకుపచ్చవి సరుకువి, ఎర్రవి చమురువి. ప్రయాణికుల ఓడ నీలం గుర్తు వస్తే మాత్రం క్లాసు ఎగ్గొట్టినా నేను ఏమీ అనను.

ప్రశ్న: అండమాన్ వెళ్తున్నాం. రేవులో ఓడలను డ్రోన్‌తో తీయవచ్చా?
– ఉపాధ్యాయుడు, బొబ్బిలి

తీసుకెళ్లకండి. 2024లో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో నౌకాదళ స్థావరాలున్నాయి. డ్రోన్ బరువు 250 గ్రాముల లోపైతే పైలట్ ధ్రువపత్రం అక్కరలేదన్నది నిజమే కానీ, ‘ఎర్ర మండలం’ అనే నిషిద్ధ ప్రాంతంలో దాన్నీ అనుమతి లేకుండా ఎగరేయకూడదు. మండలాలు డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాపులో కనిపిస్తాయి. చేతి కెమెరాతో ఒడ్డు నుంచి తీసుకోండి, అదీ నిషేధ బోర్డు లేని చోట.

ప్రశ్న: ఓడల సంకేతాలను సొంతంగా అందుకునే పరికరం ఇంట్లో తయారు చేయవచ్చా?
– ఇంజినీరింగ్ విద్యార్థిని, విజయనగరం

చేయవచ్చు. ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ అనే యూఎస్‌బీ రేడియో రిసీవర్, ఏఐఎస్-క్యాచర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, ఒక పాత ల్యాప్‌టాప్ చాలు. సంకేతాలు 161.975, 162.025 మెగాహెర్ట్జ్ దగ్గర వస్తాయి. యాంటెన్నాకు సుమారు 46 సెంటీమీటర్ల తీగలు రెండు నిలువుగా, ఒకటి పైకి, ఒకటి కిందికి. ఈ తరంగాలూ చూపులాగే భూమి వంపు దాటి పెద్దగా పోవు. అందుకని మీ ఇంటి మేడ మీద ఏమీ వినబడకపోతే పరికరాన్ని నిందించకండి. తొలి ప్రయత్నం చింతపల్లి సముద్రపు ఒడ్డున చేయండి. అక్కడ పనిచేసిందంటే లోపం తీగల్లో లేదు, ఎత్తులోనే ఉంది.