విండోస్ 11కి మారాలంటే కొత్త కంప్యూటర్ కొనాలా?

ప్రశ్న: మా ఇంటి డెస్క్‌టాప్‌లో ఐ3-8100 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 10 ఉన్నాయి. రొయ్యల చెరువుల లెక్కలన్నీ దీంట్లోనే. 11కి పనికిరాదని చూపిస్తోంది. కొత్తది కొనాల్సిందేనా?
- ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: అక్కర్లేదండీ. మీది ఎనిమిదో తరం ప్రాసెసర్, 11కి సరిపోతుంది. అడ్డుపడుతున్నది బహుశా టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు. చాలా బోర్డుల్లో అది ఉండీ ఆఫ్‌లో ఉంటుంది. బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లో) ‘ఇంటెల్ పీటీటీ’ ఆన్ చేయండి, ఇంటెల్ వాళ్ల టీపీఎం అదే. తర్వాత విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి ‘టీపీఎం డాట్ ఎంఎస్‌సీ’ కొడితే స్పెసిఫికేషన్ వెర్షన్ 2.0 అని కనబడాలి.

అప్పటికీ ఒప్పుకోకపోతే సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో బయోస్ మోడ్ చూడండి. ‘లెగసీ’ (పాత బూట్ పద్ధతి) అని ఉంటే తొందరపడి కొత్త పద్ధతి అయిన యూఈఎఫ్ఐకి మార్చేయకండి. అలా మారిస్తే, డిస్క్ ఎంబీఆర్ అనే పాత విభజన పద్ధతిలో ఉన్నంతకాలం విండోస్ బూట్ కాదు. ముందు లెక్కల ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. విండోస్‌లోనే ఉన్న ఎంబీఆర్2జీపీటీ అనే టూల్‌తో డిస్క్‌ని కొత్త జీపీటీ పద్ధతికి మార్చండి. బయోస్ జోలికి ఆ తర్వాతే.

విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి మారడమే మేలు. అదనపు భద్రతా అప్‌డేట్లకు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 దాకా నెట్టుకురావచ్చు.

హార్డ్‌డిస్క్ మీద మాత్రం 11 నత్తనడకే. 500 జీబీ ఎస్ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ కన్నా వేగమైన డ్రైవ్) వేయించి, పాతదాన్ని ఫైళ్లకు ఉంచుకోండి. అప్‌గ్రేడ్ మధ్యలో కరెంటు పోతే చిక్కే. యూపీఎస్ లేకుండా, అందులోనూ మన వైపు తుపాను రోజుల్లో, అసలు మొదలుపెట్టొద్దు. నచ్చకపోతే 10 రోజుల్లోపు సెట్టింగ్స్‌లోని రికవరీ నుంచి మళ్లీ 10కి వెళ్లొచ్చు.