18 నిండి హోమ్ వదిలే పిల్లలకు ఆ తర్వాత ఆధారం ఏమిటి?

విజయవాడలోని ఒక బాలల హోమ్‌లో పెరిగిన అబ్బాయికి త్వరలో 18 నిండుతాయి, తర్వాత అతని దారేమిటని అడిగారు. చట్టం అతన్ని గేటు దగ్గరే వదిలేయదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం 46వ సెక్షన్ కింద అనంతర సంరక్షణ, అంటే హోమ్ వదిలాక అందే సాయం, ఉంది. మామూలుగా 21 ఏళ్ల వరకు, ప్రత్యేక పరిస్థితుల్లో 23 వరకు. బాలల సంరక్షణకు ఉన్న కేంద్ర పథకం మిషన్ వాత్సల్యలో ఇందుకోసం నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు కదా, హోమ్ అధికారుల ద్వారా జిల్లా బాలల సంరక్షణ విభాగానికి ఇప్పుడే దరఖాస్తు పెట్టించండి.

అయితే ఆ డబ్బుతో బెజవాడలో గది అద్దె, తిండి రెండూ గడవడం కష్టం. చదువు ఆగితే ఐటీఐలోనో ఆటోనగర్‌లోని బండ్ల మరమ్మతు షెడ్డులోనో పని నేర్చుకునే ఏర్పాటు ముందే జరగాలి. గది వెతికేటప్పుడు ఇంటి ఓనరు మొదట అడిగేది "మీ నాన్నగారు ఏం చేస్తారు?" అనే. అప్పుడు పూచీగా మాట్లాడే పెద్దమనిషి ఒకరు పక్కన ఉంటే సగం పని అయినట్టే.

అందరూ మరిచేది ఆధార్. దానికి హోమ్ వారి ఫోను నంబరే ఉంటే ప్రతి ఓటీపీ అక్కడికే పోతుంది. ముందు అది మార్పించి, తర్వాత బ్యాంకుకు తీసుకెళ్లండి. 18 నిండాక పాత మైనర్ ఖాతాకు కొత్త సంతకం, పత్రాలు ఇవ్వాలి.