ప్రీనప్ అగ్రిమెంట్ మన దగ్గర చెల్లుతుందా?

హిందూ పెళ్లిళ్ల వరకు చూస్తే ప్రీనప్‌ని, అంటే పెళ్లికి ముందే ఆస్తులు, భరణం గురించి రాసుకునే ఒప్పందాన్ని, కోర్టు అమలు చేస్తుందన్న గ్యారంటీ లేదు, పెళ్లయ్యాక రాసుకున్నదానికీ అంతే. ఎందుకంటే పబ్లిక్ పాలసీకి, అంటే సమాజ హితానికి, విరుద్ధంగా ఉన్న ఒప్పందం చెల్లదని 1872 కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 23 చెప్తుంది, రేపు విడిపోతే ఏంటని ముందే బేరం కుదుర్చుకోవడం కూడా ఆ లెక్కలోకే రావొచ్చు, పైగా భరణం చట్టం ఇచ్చిన హక్కు, ఒక్క సంతకంతో పోయేది కాదు.

ఉదాహరణకి కూకట్‌పల్లిలో అబ్బాయి పెళ్లికి ముందే తన డబ్బుతో కొన్న ఫ్లాట్ ఉంది, "విడిపోతే నాకేం వద్దు" అని అమ్మాయి సంతకం పెట్టిందనుకోండి. ఫ్లాట్ ఎలాగూ అతనిదే, దానికి ఈ కాగితం అక్కర్లేదు. కానీ ఆమెకి సంపాదన లేకపోతే భరణం కేసు వేయొచ్చు, పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం స్త్రీధనం కాబట్టి అదీ ఆమెదే.

చాలామంది వంద రూపాయల స్టాంప్ పేపర్ మీద రాసి నోటరీ చేయిస్తే ఇక పక్కా అనుకుంటారు, అది తప్పు. నోటరీ చూసేది సంతకం పెట్టింది మీరేనా అని, లోపల రాసుకున్న షరతు చెల్లుతుందా అని కాదు. గోవాలో మాత్రం పోర్చుగీసు కాలం నాటి సివిల్ కోడ్ ఉండటం వల్ల పెళ్లికి ముందు పద్ధతి ప్రకారం రాసి రిజిస్టర్ చేసుకున్న ఒప్పందం చెల్లుతుంది.