అప్పు చేసి నాలుగేళ్ల హోస్టింగ్ కొంటారా?

ప్రశ్న: మాది మంగళగిరి. ఇంటి దగ్గర నుంచే చేనేత చీరలు, డ్రెస్ మెటీరియల్ అమ్ముతాను. వాట్సాప్, ఇన్‌స్టా ద్వారా నెలకు 40 దాకా ఆర్డర్లు వస్తాయి. అన్నీ పోను 12 వేలు మిగులుతాయి. మావారిది ప్రైవేటు ఉద్యోగం, జీతం 31 వేలు. ఇంటి ఖర్చు 34 వేలు అవుతుంది. బ్యాంకులో 40 వేలు ఉన్నాయి. వెబ్‌సైట్ పెట్టాలనుకుంటున్నాం. డిజైన్‌కు 38 వేలు, ఎస్ఎస్ఎల్ (సైట్‌కు వచ్చిపోయే సమాచారాన్ని గోప్యంగా ఉంచే సర్టిఫికెట్)తో కలిపి నాలుగేళ్ల వీపీఎస్ హోస్టింగ్‌కు (సైట్‌ను ఉంచే సర్వర్‌లో మనకంటూ కేటాయించే భాగానికి అద్దె) 52 వేలు అవుతుందని డెవలపర్ చెప్పారు. ఒకేసారి కడితే నెలకు వెయ్యి చిల్లరే పడుతుందట. సేవింగ్స్ ముట్టుకోకుండా లోన్ యాప్‌లో 90 వేలు తీసుకుందామనుకుంటున్నాం. 24 నెలలు, 26 శాతం వడ్డీ. నాలుగేళ్ల ప్లాన్ లాభమేనా?

జవాబు: మీరు అడిగింది నాలుగేళ్ల ప్లాన్ గురించి. నా కన్ను మాత్రం ఆ 26 శాతం మీదే పడింది. ఇలాంటి ఉత్తరాలు ఈమధ్య ఎక్కువయ్యాయి కాబట్టే మీ ప్రశ్న తీసుకున్నాను. ఆదాయం ఇంకా రాలేదు, వస్తుందో లేదో తెలియదు, దానికయ్యే ఖర్చు మాత్రం ముందే అప్పు తెచ్చి కట్టేస్తున్నారు. పైగా దానికి పెట్టుబడి అని పేరు.

లెక్క చూడండి. 90 వేలకు నెల వాయిదా దాదాపు 4,850. రెండేళ్లలో కట్టేది 1,16,000 పైనే. ప్రాసెసింగ్ ఫీజు 3 శాతం, దానిపై జీఎస్టీ పట్టుకున్నారనుకోండి, చేతికొచ్చేది 87 వేల లోపే. అప్పుడు వడ్డీ 26 కాదు, 30 శాతం దగ్గర తేలుతుంది. లోన్ ఇచ్చేముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (రుణం ముఖ్య వివరాల కాగితం) ఇవ్వాలని, అందులో ఏపీఆర్, అంటే ఫీజులు కూడా కలిపిన అసలు వార్షిక వడ్డీ రేటు చూపించాలని ఆర్‌బీఐ నిబంధన ఉంది. ఆ కాగితం తెరిచారా? ఈఎంఐ ఎంతో చూసి ఓకే నొక్కేవాళ్లే ఎక్కువ.

సేవింగ్స్ ముట్టుకోవడం లేదని మీరు ధీమాగా ఉన్నారు. ఆ 40 వేలు మీ ఇంటికి నెల పైన పది రోజులు కూడా రావు. ఆరు నెలల ఖర్చు పక్కన ఉండాలంటే మీకు 2,04,000 కావాలి. ఈఎంఐ మొదలైతే ఆ అవసరం 2,33,000 అవుతుంది. అంటే మీ అత్యవసర నిధిని అప్పు కాపాడటం లేదు, ఉన్న లోటును పెంచుతోంది. మూఢం వచ్చిందంటే పెళ్లిళ్లు ఉండవు, ఆర్డర్లు తగ్గుతాయి. ఆ నెలల్లోనే మీవారి జీతం ఆలస్యమైతే? వెబ్‌సైట్ ఉందని ఈఎంఐ ఆగదు.

ఇక హోస్టింగ్. మీకు వీపీఎస్ ఎందుకు చెప్పారో నాకు అర్థం కాలేదు. 250 చీరలు పెట్టి, ఒక్కోదానికి నాలుగు ఫొటోలు వేసుకున్నా వెయ్యి ఫొటోలు. ఒక్కో ఫొటోను 200 కేబీకి తగ్గించి ఎక్కిస్తే మొత్తం 200 ఎంబీ. నెలకు 40 ఆర్డర్ల దుకాణానికి మామూలు షేర్డ్ హోస్టింగ్ (ఒకే సర్వర్‌ను చాలా సైట్లు పంచుకునేది) సరిపోతుంది. ఆర్డర్లు పెరిగి సైట్ నెమ్మదిస్తే అప్పుడు పై ప్లాన్‌కు మారొచ్చు. మేనేజ్‌డ్ కాని వీపీఎస్ అయితే సర్వర్ అప్‌డేట్లు, భద్రత అన్నీ మనమే చూసుకోవాలి. ఆ పని ఎవరు చేస్తారు? డెవలపర్ చేస్తే దానికి మళ్లీ నెలనెలా డబ్బు. 'అన్‌లిమిటెడ్' అన్న మాట చూసి మురిసిపోకండి. ఫైళ్ల సంఖ్యకు, సీపీయూకు, మెమరీకి పరిమితులు షరతుల్లో రాసే ఉంటాయి. ముందు అవి చదవండి.

ఎస్ఎస్ఎల్‌కు విడిగా ఎంత వేశారో అడగండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ దాన్ని ఉచితంగా ఇస్తుంది, చాలా హోస్టింగ్ కంపెనీలు దాన్నే ప్లాన్‌తో కలిపి ఇస్తాయి. దానికి ఏటా వేలు కట్టాల్సిన అవసరం మీ దుకాణానికి లేదు.

ధర చూసేటప్పుడు రెండు అంకెలు కావాలి: ఇవాళ కట్టేది, రెన్యువల్‌కు కట్టేది. ప్రకటనలో నెలకు 149 అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అది 48 నెలలు ముందే కట్టేవాళ్లకు. అంటే 7,152, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే 8,439 ఒకేసారి కట్టాలి. రెన్యువల్ ధర నెలకు 449 అనుకుంటే, తర్వాత ఒక్క ఏడాదికే జీఎస్టీతో 6,358 అవుతుంది. ఇవి ఉదాహరణకు వేసిన అంకెలు. మీరు కొనే ప్లాన్ అంకెలు పెట్టి ఇదే లెక్క వేయండి. 'మొదటి ఏడాది డొమైన్ (సైట్ పేరు, అంటే వెబ్ చిరునామా) ఉచితం' అన్నచోట రెండో ఏడాది ధర ఎంతో చూడండి. బ్యాకప్ (సైట్ నకలు) రోజూ తీస్తారా, వారానికా, దాన్ని తిరిగి ఎక్కించడానికి డబ్బు అడుగుతారా అన్నదీ కనుక్కోండి.

చాలామంది బోల్తా పడేది డొమైన్ దగ్గర. డెవలపర్లు తమ మెయిల్‌తో, తమ ఖాతాలో డొమైన్ కొనేస్తారు. రేపు ఆయనతో మాట తేడా వచ్చినా, ఆయన ఊరు మారినా మీ దుకాణం పేరు ఆయన దగ్గరే ఉండిపోతుంది. చీరల కవర్ల మీద, విజిటింగ్ కార్డుల మీద అదే పేరు వేయించి ఉంటారు మరి. మీ మెయిల్‌తో మీరే ఖాతా తెరవండి, మీ కార్డుతో కొనండి, డెవలపర్‌కు పని చేసేందుకు అనుమతి మాత్రమే ఇవ్వండి. డాట్ కామ్ కొంటే ధ్రువీకరణ మెయిల్ వస్తుంది, 15 రోజుల్లోగా క్లిక్ చేయకపోతే సైట్ ఆగిపోవచ్చు. ఆ మెయిల్ మీకే రావాలి.

నన్నడిగితే ఇప్పటికి ఒక ఏడాది షేర్డ్ ప్లాన్, ఒక డొమైన్ చాలు. రెండూ కలిపి ఐదారు వేలలో అయిపోయేవి చూసుకోండి. ఆ డబ్బు కూడా ఒక నెల చీరల లాభంలోంచే రావాలి. డిజైన్ 38 వేలు ఒకేసారి వద్దు. సైట్ తయారుచేసే వర్డ్‌ప్రెస్, దాంట్లో దుకాణం పెట్టే వూకామర్స్ ఉచితమే కాబట్టి ముందు 30 చీరలతో చిన్న సైట్ చేయించుకుని, విడతలుగా చెల్లించండి. డెవలపర్ ఒప్పుకోకపోతే ఇంకొకరిని చూసుకోండి. నెలవారీ అద్దెకు దొరికే రెడీమేడ్ స్టోర్లూ ఉన్నాయి, కావాలంటే చూడండి. స్టాక్ కోసం డబ్బు చాలకపోతే బ్యాంకులో ముద్ర శిశు రుణం 50 వేల దాకా అడగొచ్చు. సైట్‌కు మాత్రం అడగొద్దు.

యాప్‌కు కట్టాలనుకున్న ఆ 4,850 ఉందే, దాన్ని వచ్చే నెల నుంచే మీ బ్యాంకులో రికరింగ్ డిపాజిట్‌కు మళ్లించండి. రెండేళ్లలో వడ్డీ కాకుండానే 1,16,400. ఉన్న 40 వేలు కలిపితే 1,56,400. ఆరు నెలల ఖర్చుకు ఇంకా 48 వేలు తక్కువే, ఆ లోటును పండుగ సీజన్ లాభంతో పూడ్చండి. ఈ డబ్బును స్టాక్ కొనడానికి తీయొద్దు, డిజైనర్‌కూ ఇవ్వొద్దు.

ఆరోగ్య బీమా గురించి మీరేమీ రాయలేదు. మీవారి కంపెనీ పాలసీ మాత్రమే ఉంటే అది ఉద్యోగంతో పాటే పోతుంది. సైట్ పని మొదలుపెట్టే ముందు కుటుంబానికి సొంత పాలసీ ప్రీమియం ఎంతవుతుందో కనుక్కుని, నెలకు మిగిలే 9 వేలలో దానికీ చోటివ్వండి. దానికోసం సైట్ మూణ్నెల్లు ఆలస్యమైనా పర్లేదు. ఆర్డర్లు ఎలాగూ వాట్సాప్‌లో వస్తూనే ఉన్నాయి.